వాకిట్లో అల్లిన గుమ్మి

వడ్ల కోసం తెచ్చిన ఇనుప డ్రమ్ము ఇవాళ గడప దగ్గర ఇరుక్కుంది. చిన్నప్పుడు సుక్మా పట్నం అవతలి మా పల్లెలో నాయిన వాకిట్లో అల్లిన వడ్లు పోసే వెదురు గుమ్మి గుర్తొచ్చింది.

కళ్లంలో వడ్లు, నెత్తిమీద వాన మొగులు. నాయిన అల్లుతున్న గుమ్మిలో ఎనిమిది బస్తాలు పట్టాలి, ఎత్తు నా అంత. బడిలో చెప్పినట్టు ఘనపరిమాణాన్ని ఎత్తుతో భాగించి, అడుగు వైశాల్యం తీసి, దాన్నుంచి వెడల్పు కట్టాను. గడప కంటే జానెడు ఎక్కువొచ్చింది. నాయిన దగ్గరికి ఉరికాను.

"నాయినా, ఇది లోపలికి పోదు."

"ఏంది బిడ్డా, పక్కకు జరుగు."

అల్లిక అయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. నాయిన, అవ్వ చెరో వైపు నుంచి గుమ్మిని నొక్కారు. అది కోడిగుడ్డులా సాగి, కిర్రుమంటూ గడప దాటి, మళ్లీ గుండ్రంగా నిలబడింది.

నా లెక్కలో తప్పు లేదు. పేడమట్టి పూసేదాకా గుమ్మి వంగుతుందని మాత్రం పుస్తకంలో లేదు.

ఎవరూ చూడకుండా ఈ డ్రమ్మును కూడా రెండు చేతులతో ఓసారి నొక్కి చూశాను.