గాలమేసిన టీచరమ్మ

బూర్గంపాడు బడిలో నాకు ఐదో తరగతి చెప్పిన టీచరమ్మ ఆదివారం చర్చి నుంచి రాగానే గాలం పట్టుకొని గోదారి ఒడ్డుకు పోయేది. అక్కడ గాలాలేసేది అందరూ మగవాళ్లే. ఎవరేమన్నా ఆమె తల తిప్పేది కాదు. నీళ్లమీద తేలే బెండునే చూస్తూ జవాబు చెప్పేది.

ఊళ్లో కొందరు ఫిర్యాదు చేస్తే, ఓ ఆదివారం హెడ్మాస్టరే ఒడ్డుకొచ్చిండు. అమ్మా నేనూ పక్కనే బట్టలుతుకుతున్నం.

"మగవాళ్ల మధ్య గిట్ల కూసుంటే బడికి చెడ్డపేరమ్మా," అన్నడు.

"నా పాఠంల తప్పుంటే చెప్పండి సార్, దిద్దుకుంట. ఆదివారం మాత్రం నాది."

"మానకపోతే పైకి రాయాల్సొస్తది."

"రాయండి సార్. కాని జర మెల్లగ మాట్లాడండి, చేప కొరుకుతున్నది."

ఒడ్డంతా నవ్వింది. ఆమె కర్ర లాగితే మూరెడు చేప ఎగిరొచ్చి హెడ్మాస్టరు కాళ్లకాడ పడ్డది. ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయిండు. పైకి రాసిండో లేదో తెలియదు కాని, టీచరమ్మ మాత్రం తనకు బదిలీ అయ్యేదాకా ఒక్క ఆదివారం మానలేదు.

హెడ్మాస్టరు ఒడ్డుకొచ్చిపోయిన మరుసటి ఆదివారం అమ్మ బట్టల మూట ఇంట్లనే వదిలేసి, వెదురుకర్రకు దారం కట్టుకున్నది.

"ఏందది? యాడికి?" అన్నడు నాన్న.

"గోదారికి," అని అమ్మ చెప్పులేసుకున్నది.