దమ్మామ్‌లో పుంటికూర పంట

శామీర్‌పేటలో లారీ టైర్లకు పంక్చర్లు వేసే షౌకత్‌కు, ఇంట్లో పుంటికూర, అదే గోంగూర, వండిన రోజున కోపం ముక్కు మీదే ఉండేది. "మళ్ళ గదేనా? పసులు గూడ రోజుకో గడ్డి తింటయి" అని కంచం పక్కకు నెట్టేవాడు. భార్య మజీదా కంచాన్ని మళ్లీ అతని ముందుకే జరిపేది.

1997లో సౌదీలోని దమ్మామ్‌లో ఒక వర్క్‌షాపులో పని దొరికింది. "ఇగ పుంటికూర పీడ వోయింది. పొద్దుగాల మటనే, మాపటికి మటనే" అని వాడంతా చాటి మరీ విమానం ఎక్కాడు.

మాంసానికి నిజంగానే కొదవలేదు. మొదట్లో వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. పోనుపోను ఆ అన్నంలో పులుపు కోసం నాలుక వెతుక్కోసాగింది. ఒక మధ్యాహ్నం టైరు విప్పుతుంటే నోట్లో నీళ్లూరాయి. మనసులో మెదిలింది ఏమిటా అని చూసుకుంటే పుంటికూర! చెబితే పరువు పోతుందని కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. చివరికి శామీర్‌పేట ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి మజీదాను పిలిపించాడు.

"పుంటికూర గింజలు పంపు. పక్క రూమాయన అడుగుతున్నడు."

"పక్క రూమాయనకు మస్తు ఆకలైతాందా?" అని ఆమె కిసుక్కున నవ్వింది.

అప్పుడే దమ్మామ్‌లో పనికి వస్తున్న తన తమ్ముడు షాహబాజ్ చేత రెండు పొట్లాలు పంపింది. ఒకదానిలో పుంటికూర గింజలు, రెండోదానిలో వేడి చేస్తే మజ్జిగతో మింగడానికి మెంతులు. ఏది ఏదో షాహబాజ్ చెప్పబోతే, "రైతు కొడుక్కే గింజలు సూపెడ్తవా?" అని షౌకత్ నోరు మూయించాడు. రైతు కొడుకన్నది అబద్ధం కాదు. కాకపోతే తండ్రికి సద్ది ఇవ్వడానికి తప్ప ఏనాడూ పొలం గట్టు తొక్కలేదు.

పాత నూనె డబ్బాల్లో మట్టి నింపి ఒక పొట్లం చల్లాడు. రెండో పొట్లం రోజూ పొద్దున్నే మజ్జిగతో మింగి, "కడుపు సల్లగైంది" అని నిమురుకునేవాడు. మొలకలు వచ్చాయి. అదే గదిలో ఉండే అమలాపురం శ్రీనివాసరావుకు గర్వంగా చూపించాడు. గోంగూరను పచ్చడి జాడీలో తప్ప చెట్టున చూడని ఆ మనిషి భక్తిగా తలూపాడు.

సెలవు పూట కూర వండి అందరినీ పిలిచాడు. ఇంకో క్యాంపు నుంచి షాహబాజ్ కూడా వచ్చాడు.

శ్రీనివాసరావు మొదటి ముద్ద చాలాసేపు నమిలాడు. "షౌకత్ గారూ, పులుపేదండీ?"

"మా దిక్కు పుంటికూరకు పులుపు తక్కువుంటది."

"చేదు కూడా ఉంటుందాండీ?"

షాహబాజ్ డబ్బాలో మిగిలిన ఆకు తుంచి వాసన చూసి బావ వైపు తిరిగాడు. "దుల్హాభాయ్, ఇది మెంతికూర! మరి మజ్జిగల ఏం మింగినవ్?"

షౌకత్ చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. పంటంతా అక్కడే ఉంది. గదిలో నవ్వులు ఎంతకీ ఆగలేదు. ముందు మూతి ముడుచుకున్నా, చివరికి అతనూ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. విచిత్రమేమిటంటే గిన్నెలో కూర రవ్వంత మిగల్లేదు. ఆ తర్వాత మెంతికూర వండమని వాళ్లే అడిగేవాళ్లు.

2003లో తిరిగొచ్చేసరికి 'మెంతుల షౌకత్' అన్న పేరు అతనికంటే ముందే ఊరు చేరింది. వేరేవాళ్లు ఎత్తిపొడిచేలోపు ఆ కథ తానే చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాడు. చెప్పుకోనిది ఇంకొకటి ఉంది. వచ్చి నెల తిరక్కముందే దమ్మామ్‌లో తినే ఖుబూస్ రొట్టె మీదికి మనసు లాగింది. మేడ్చల్ బేకరీలన్నీ తిరిగితే ఒకాయన బన్ను చేతిలో పెట్టాడు. మజీదా కంటపడకుండా దాన్ని బస్సులోనే తినేసి, మూతి తుడుచుకుని ఇంటికి వెళ్లాడు.