నాన్న ఉపవాసం ఉంటే మాకు దెబ్బలు

మా చిన్నప్పుడు... నెలలో మొదటి ఆదివారం దగ్గర పడుతోందంటే నేనూ తమ్ముడూ ఇంట్లో గోడవారగా నడిచేవాళ్లం. ఆ రోజు చర్చిలో ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు.

అర్హత లేనివాడు ఆ రొట్టె ముట్టుకోకూడదని నాన్న పట్టుదల. ఆ అర్హత సంపాదించడానికి బుధవారం నుంచే ఉపవాసం మొదలుపెట్టేవాడు. బోగోలు దగ్గర రొయ్యల గుంటల్లో ఎండకు మేత చల్లి, ఉత్త మంచినీళ్లు తాగి ఇంటికొచ్చేవాడు. ఖాళీ కడుపుకు కోపం ఎక్కువ. చెంబు అడ్డమొస్తే తన్ను... ప్రార్థనలో తమ్ముడు ఆవలిస్తే చెంపదెబ్బ... ఆయన పవిత్రత కోసం పడే పాట్లన్నీ మా వీపుల మీద తేలేవి.

ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ మాకోసం దాకలో చేపల పులుసు పెట్టింది. పని నుంచి వచ్చిన నాన్న ఆ వాసనకు గుమ్మంలోనే ఊగిపోయాడు.

"నాలుగు దినాల్నుంచి పస్తుండా. నన్ను పడగొట్టాలనే కదా ఈ పులుసు?"

దాకను ఒక్క తన్ను తన్నాడు. మరిగే పులుసు తమ్ముడి కాళ్ల మీద పడింది. వాడు కెవ్వుమన్నాడు. "నోరు ముయ్యి" అంటూ నాన్న మూలనున్న రోకలి ఎత్తాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది... ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు. నేను పోయి నాన్న చెయ్యి కొరికాను. నన్ను విసిరి గోడకు కొట్టాడు. నా నుదురు పగిలి నేలంతా నెత్తురు.

మరునాడు అమ్మ చేతికి కట్టుతోనే చర్చికి వచ్చింది. నాన్న లోపలికి రాలేదు. చెప్పులు విడిచే చోట కూలబడ్డాడు. వచ్చే నెల ఇంకా గట్టిగా ఉపవాసం చేసి, అప్పుడు బల్లకు వస్తానన్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వచ్చే నెలకు మాలో ఎవరు మిగులుతారు?

అమ్మ బయటికొచ్చి, అందరూ వింటుండగానే అంది.

"ఏమయ్యా, నీ పస్తులకే పరలోకం వచ్చేదైతే ఆయన సిలువెక్కి చావడం ఎందుకు? ఊరికే ఇచ్చేదాన్ని ఊరికే తీసుకోవడం నీకు చేతకాదు. అందుకే మమ్మల్ని చంపుతుండావు. ఉన్నోడివి ఉన్నట్టు లోపలికి రా. ఇంకోసారి ఉపవాసం అన్నావో, బిడ్డల్ని తీసుకుని మా అమ్మోళ్లింటికి పోతా."

నాన్న భోరుమన్నాడు. మోకాళ్ల మీదే లోపలికి పాకి రొట్టె అందుకున్నాడు... ఆ తర్వాత మా మీద చెయ్యెత్తలేదు. బల్లకు ముందురోజు కడుపునిండా తినేవాడు.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంత చేసినవాడికి అంత సులువుగానా? దేవుడు ఆయన్ని ఆ పూటే క్షమించాడు. నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అదీ నా ప్రయత్నంతో కాలేదు... ఒకరోజు చూసుకుంటే కోపం లేదు, అంతే.

ఇప్పుడు మా చర్చిలో ద్రాక్షరసం చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో వరసగా వస్తుంది. తీసుకుంటాం, తాగుతాం, సెల్లు చూసుకుంటాం. ఆ దెబ్బలు ఏ బిడ్డకూ వద్దు దేవుడా... కానీ తనకు అర్హత లేదని తెలిసి అట్లా ఏడ్చే మనిషి ఒక్కరూ కనబడరు.

భక్తి పేరుతో దెబ్బలు తిన్నవాళ్లు మీలో ఉంటే చెప్పండి... క్షమించగలిగారా?