స్పీకర్లకు మా అక్క పెట్టిన పరీక్ష

మా బావ ఉమాపతి యూనివర్సిటీలో ఫిజిక్సు లెక్చరరు. మనిషి మంచివాడే. కాకపోతే ఏ గదిలోకి వెళ్ళినా ముందు రెండు చప్పట్లు కొట్టి, గోడలు ఏమంటున్నాయో విని, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. అక్కని చూడడానికి ప్రొద్దుటూరు వచ్చినప్పుడు కూడా మా హాల్లో అదే పని చేశాడు. కాఫీ కోసం చప్పట్లు కొడుతున్నాడనుకుని మా నాన్న కంగారుగా వంటింట్లోకి పరిగెత్తాడు.

1997లో నేను క్యాంపస్‌లో ఎమ్మెస్సీ బాటనీ చదువుతూ తార్నాకలో వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఆ ఏడు బావకి అరియర్స్ వచ్చాయి, ఉన్న కాస్త మతీ పోయింది. సరిగ్గా అప్పుడే లాలాగూడ నుంచి వెంకటస్వామి అనే ఆయన వచ్చి మా మెయిన్ రోడ్డు మీద విదేశీ స్పీకర్ల షాపు పెట్టాడు. లోపల గోడలకి తివాచీలు కొట్టిన చల్లటి గది, మధ్యలో ఒక సోఫా. కొనేముందు అందులో కూర్చుని ఎంతసేపైనా వినొచ్చు. ఇంకేముంది, శనివారం సాయంత్రమైతే బావ అక్కడే.

మా అక్క కాత్యాయని ఒకే మాట చెప్పేసింది. "ఇంట్లో చెప్పేదే చెవిన పడని మనిషికి అంత పెద్ద స్పీకర్లు ఎందుకు? నేను సరే అంటేనే కొనేది." పాపం బావకి స్పీకర్లు వెతకడం సరదా, అక్కని సరే అనిపించడం భయం. అందుకని వెతుకుతూనే ఉండేవాడు.

ఒక శనివారం నన్నూ లాక్కుపోయాడు. ఎదురుగా నా భుజాల ఎత్తున రెండు స్పీకర్లు, మూలన బియ్యం డబ్బా అంత నల్లటి పెట్టె. దాన్ని సబ్‌వూఫర్ అంటారట, లోతైన చప్పుళ్ళన్నీ దాని వంతట. బావ జేబులోంచి క్యాసెట్ తీసిచ్చాడు. వెంకటస్వామి నవ్వు బిగబట్టుకుని డెక్కులో పెట్టి, లైటు తగ్గించాడు. ఏ వీణో మృదంగమో వస్తుందని నేను సర్దుకుని కూర్చున్నాను.

"ఏమండీ! చెప్తాండేది మీకే!"

దిగ్గున లేచి నిలబడ్డాను. అక్క! గదిలో ఎక్కడా లేదు, గొంతు మాత్రం నా ముక్కు ముందర ఉంది.

"వారం నుంచి చెప్తాండా, స్నానాల గదిలో కొళాయి కారతాందని. వాషరు తెచ్చినారా? గోడకు చెప్పింటే ఈపాటికి అదైనా పోయి తెచ్చింటాది. వింటాండారా?" ఆ వెంటనే ధన్‌మని బిందె దించిన చప్పుడు. అది చెవుల్లోకి రాలేదు, అరికాళ్ళలోంచి మోకాళ్ళ దాకా పాకింది.

సంగతేమిటంటే, డిపార్ట్‌మెంటు నుంచి మంచి మైకు తెచ్చి బావ ఇంట్లో రికార్డింగ్ పరీక్షిస్తుంటే అక్క వచ్చి మొదలుపెట్టిందట. ఆపడం మర్చిపోయాడట. మర్చిపోయాడో, లేచి ఆపే ధైర్యం చాలలేదో, నన్నడగకండి.

"బావా, నీకు సిగ్గనేది ఉందా?" అన్నాను. నవ్వలేక చస్తున్నాను.

"ఉష్! బిందె అయిపోయింది గదా, ఇప్పుడు విను." బావ వేలు పైకెత్తాడు. స్పీకర్లలోంచి టప్‌మని ఒక చప్పుడు. "విన్యావా? కొళాయి చుక్క! పోయిన వారం జతలో ఈ చుక్కే లేదు లలితా!" లాటరీ తగిలినవాడికి కూడా అంత సంతోషం ఉండదు.

"గా క్యాసెట్ ఏస్తే చాలు మేడం, బయట కౌంటర్ కాడున్న కస్టమర్లు గూడ సీదా నిలబడ్తరు" అన్నాడు వెంకటస్వామి.

ఆ పై శనివారం కొత్త జత దిగింది. మళ్ళీ మేమిద్దరం సోఫాలో, మళ్ళీ అదే క్యాసెట్. మమ్మల్ని లోపల కూర్చోబెట్టి వెంకటస్వామి చాయ్ చెప్పడానికి బయటికి వెళ్ళాడు. అక్కడ జరిగింది తర్వాత ఆయనే చెప్పాడు. కూరగాయల బండి దగ్గర ఒకావిడ, "ఈ వంకాయలన్నీ పుచ్చులే! చెప్తాండేది నీకే!" అంటోందట. ఈయన ఠక్కున ఆగి దండం పెట్టాడట.

"నమస్తే అమ్మా! మీరు ఉమాపతి సార్ మేడమే గదా?"

"మీకెట్ల తెలుసు?"

"మీ గొంతమ్మా! మా షాపుల రోజు ఇనుకుంటనే ఉంటం. మస్తు క్లియర్ ఉంటది." అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "అవునమ్మా, మీ నల్లా కారుడు ఆగిందా?" అని కూడా అడిగాడు మహానుభావుడు.

ఇక్కడ లోపల బావ కళ్ళు మూసుకుని తేలిపోతున్నాడు. స్పీకర్లలో అక్క "వింటాండారా?" అంది. అంతలో వెనకనుంచి కూడా "వింటాండారా?" అని వినబడింది.

"అబ్బబ్బా! ఏం జత! వెనక గోడ నుంచి కూడా వస్తాంది, చూడు లలితా!"

నేను చూశాను. గది గుమ్మంలో అక్క, చేతిలో కూరల సంచి. ఆమె వెనక వెంకటస్వామి, నేల చీలితే దిగిపోదామన్నట్టు నిలబడి ఉన్నాడు.

"నేను చూసేశాలే బావా, నువ్వు చూడు" అన్నాను.

బావ కళ్ళు తెరిచాడు. వెంకటస్వామి పరిగెత్తుకెళ్ళి క్యాసెట్ ఆపాడు. అక్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నా మాట తార్నాకంతా వినింది" అంది మెల్లగా. "వినాల్సిన మనిషి తప్ప." ఆమె కళ్ళలో నీళ్ళు చూసేసరికి నా నవ్వు చచ్చిపోయింది. ఇన్నాళ్ళూ పళ్ళికిలించి కూర్చున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

బావ లేచి నిలబడ్డాడు. "కాత్యాయనీ, పాటలు పాడేటోళ్ళ అసలు గొంతు నాకేం తెలుసు? నా ముందర కూచోని పాడినారా? ఈ పెట్టెలు నిజం చెప్తాండాయో అబద్ధం చెప్తాండాయో తెలియాలంటే నేనెరిగిన గొంతు కావల్ల. నాకు బాగా తెలిసింది నీ గొంతొకటే. 'వారం నుంచి' అనే ముందర చిన్నగా ఊపిరి తీసుకుంటావు. 'వాషరు' దగ్గర గొంతు రవ్వంత పైకి పోతాది. 'గోడకు చెప్పింటే' అనేటప్పుడు నీకే నవ్వొస్తాది, ఆపుకుంటావు. ఆ నవ్వు ఈ జతలోనే వినపడింది."

"నేనేం నవ్వలేదు."

"అయితే నువ్వే విను."

అక్కని సోఫాలో కూర్చోబెట్టాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని, పెదవులు బిగించి, అక్క తన తిట్లు తానే విన్నది. గోడ మాట వచ్చింది. దాని వెనకాల, సన్నగా, ఆపుకున్న నవ్వు. నిజమే, ఉంది! అక్క నా వైపు చూసింది, నేను అక్క వైపు చూశాను, ఇద్దరం ఒక్కసారి పకపకా నవ్వేశాం. సంచిలోంచి వంకాయలు దొర్లి సబ్‌వూఫర్ దాకా వెళ్ళాయి.

టప్.

"అదేం చప్పుడు?" అంది అక్క.

"కొళాయి!" అన్నాడు బావ గర్వంగా. అని నాలిక్కరుచుకున్నాడు.

"ఆ చుక్కను వారం వారం వచ్చి విన్యారు. వాషరు మాత్రం తేలేదు!" అక్క లేచింది. "ముందు ఆ కారేది ఆపండి. అప్పుడు వీటిని ఒక పూట మా ఇంట్లో పెట్టి చూపించండి. నాకు నచ్చకపోతే సాయంత్రానికి వాపసు."

"బరాబర్ అమ్మా! ఒక్క పూట ట్రయల్" అన్నాడు వెంకటస్వామి, ప్రాణం లేచొచ్చి.

బావ ఆ సాయంత్రమే వాషరు కొన్నాడు. రెండు చొక్కాలు తడుపుకుని, ఒక వేలు చితక్కొట్టుకుని కొళాయి బాగుచేశాడు. మరుసటి ఆదివారం స్పీకర్లు ఆటోలో దిగాయి. హాల్లో రెండు చప్పట్లు కొట్టి, స్పీకర్లని అటూ ఇటూ జరిపి, బావ అదే క్యాసెట్ పెట్టాడు. అక్క బయటికి రాలేదు. వంటింట్లో పోపు వేస్తూ, "ఆ, వినపడతాందిలే, ఏముంది అందులో" అంటోంది. బావ మొహం వాడిపోయింది. స్పీకర్లలో బిందె దిగింది.

టప్.

"అయ్యో, మళ్ళా కారతాంది!" అక్క గరిటె అక్కడే పడేసి స్నానాల గదిలోకి పరిగెత్తింది. "మీరు చేసిన రిపేరు సంబడం..." అంటూ కొళాయి కింద చెయ్యి పెట్టింది.

పొడి చెయ్యి. చుక్క లేదు. హాల్లోంచి ఇంకోసారి టప్‌మంది.

అక్క అలాగే చెయ్యి చాపుకుని హాల్లోకి వచ్చింది. చెయ్యి చూసుకుంది, స్పీకర్లని చూసింది, ఊపిరి బిగబట్టి కూర్చున్న బావని చూసింది.

"సరే" అంది. స్టవ్ ఆపమని నాకు చెప్పి, వెళ్ళి బావ పక్కన కూర్చుంది. "ఆ గోడ మాట ఇంకోసారి పెట్టండి."