వంకర మొలకల పని

సంధ్యకు ఆ పని దొరికిన సంగతి రెండు రోజుల్లో బోరబండలో వాళ్ళ గల్లీ అంతా తెలిసిపోయింది. చాటింపు వేసింది వాళ్ళమ్మ కొమురమ్మే. "మా బిడ్డకు సైన్సు ఆఫీసుల కొలువైంది" అని కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ప్రతి మనిషికీ చెప్పింది. అది కొలువు కాదనీ, యూనివర్సిటీలో చదువుకుంటూనే రోజుకు రెండు గంటలు చేసే పార్ట్‌టైం పని అనీ, చేసేదల్లా సీసాలు కడగడం, మొక్కలకు నీళ్ళు పట్టడం అనీ సంధ్య ఎంత మొత్తుకున్నా ఆమె చెవికెక్కలేదు. సీసాలు కడగడానికి డిగ్రీ ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో సంధ్యకు కూడా తెలియదు. అదృష్టం కొద్దీ ఎవరూ అడగలేదు.

వాళ్ళు పాలమూరు వదిలి అప్పటికి పదకొండేళ్ళు. తండ్రి ఎల్లయ్య తాపీ పని చేస్తే, కొమురమ్మ ఇసుక తట్టలు మోసేది. మాదాపూర్ బండరాళ్ళ మధ్య గుండ్రంగా ఒక అద్దాల బిల్డింగు లేస్తోందని పేపర్లలో ఫోటోలు పడుతున్న రోజులవి. దాన్ని చూసి దాని పక్కన ఇంకేవేవో లేవడం మొదలుపెట్టాయి. అలాంటి ఒకదాని దగ్గర ఆ మొగుడూ పెళ్ళాలకు పునాదుల నాటినుంచీ పని. ఇటు సంధ్య సర్కారు బడి, సర్కారు కాలేజీ దాటుకుని ప్లాంట్ సైన్సులో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకుంది. కొమురమ్మకు దాంట్లో అర్థమైంది ఒకటే, జొన్నల మీద చదువు. "జొన్నలు తింటరు గని, చదువుతరా ఎవలన్న?" అని ఒకసారి నవ్వింది కూడా.

నిజానికి ఆ ల్యాబులో అడుగుపెట్టిన నాటినుంచీ సంధ్య బుర్రలో ఉన్నదీ అదే అయోమయం. తళతళలాడేలా కడిగిన సీసాను మళ్ళీ వేరే నీళ్ళతో కడగమంటారు. మొక్కకు చెంబెడు నీళ్ళు పోయడానికి గీతల గ్లాసుతో కొలవమంటారు. అన్నిటికన్నా విడ్డూరం గ్రీన్‌హౌస్‌లో ఉంది. అక్కడ నలభై ట్రేలలో జొన్న మొలకలు. బారుగా, పచ్చగా, కన్నులపండువగా పెరిగిన మొలకల వైపు ఎవరూ చూడరు. పసుపుపచ్చగా పాలిపోయినదీ, నడుం వంగినదీ, ఆకు ముడుచుకుపోయినదీ కనపడితే చాలు, పండగే. దాని పక్కన పుల్ల గుచ్చి, ఎర్ర ఊలు దారం కట్టి, నోట్‌బుక్కులో రాసుకుని మురిసిపోతారు.

ఆ దారాలు కట్టేది ఉదయశ్రీ. తెనాలి వైపు అమ్మాయి, అక్కడ పీహెచ్‌డీ మూడో ఏడు. సంధ్యకు పని చెప్పేది ఆమే. "విత్తనాలకు ఒక మందు పట్టించాం. దాంతో లోపల ఏదో ఒకటి మారిపోతుంది. ఒక్కో చెట్టు గింజలు ఒక్కో ట్రేలో వేశాం. వంద మొలకల్లో ఒకటి దారి తప్పి పుడుతుంది. అలా తప్పిన వాటిల్లో ఒకటి చుక్క నీళ్ళతో బతికేది కావచ్చు. నా రెండేళ్ళ కష్టం ఈ ట్రేలలోనే ఉంది తల్లీ, జాగ్రత్త" అని మొదటి రోజే చెప్పింది. సంధ్య తలూపింది. అర్థమయ్యీ కానట్టుంటే మనం ఊపేది తలే కదా.

వాళ్ళందరికీ పైన పార్థసారథి సార్. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు, అందుకే అందరికీ భయం. ఆయన పెట్టిన నియమాలు రెండే. గ్రీన్‌హౌస్‌లోకి బయటివాళ్ళు రాకూడదు. చూసిందే చెప్పాలి, తెలియకపోతే తెలియదని చెప్పాలి. ఆ ఏడాది పని బాగా చేసినవాళ్ళకు చివరి ఏడు ప్రాజెక్టు తన దగ్గరే ఇస్తానని ఆయన అన్నారు. ఆయన దగ్గర ప్రాజెక్టు చేస్తే పీహెచ్‌డీ దాకా దారి పడినట్టేనని క్యాంపస్‌లో అందరూ చెప్పుకునేవారు. సంధ్య ప్రాణమంతా ఆ ఒక్క మాట మీదే ఉంది.

ఒక ఆదివారం ఉదయశ్రీ చుట్టాల పెళ్ళికని ఊరు వెళ్ళింది. నీళ్ళు పట్టే బాధ్యత సంధ్యది. ఆ రోజు కొమురమ్మకు సైటులో పని లేదు. "నీ ఆఫీసు నేను జూడొద్దా?" అని వెంటపడింది. గేటు దగ్గర కాపలా లింగయ్య వాళ్ళ జిల్లావాడే, చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. సంధ్య తల్లిని గ్రీన్‌హౌస్ లోపలికి తీసుకెళ్ళి, నీడలో బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టి, "ఈడనే ఉండు, సీసాలు కడిగి వస్త" అని ల్యాబుకు వెళ్ళింది. ఆ రోజు సీసాలు ఎక్కువున్నాయి. గంటన్నర పట్టింది.

తిరిగి వచ్చేసరికి బకెట్ మీద కొమురమ్మ లేదు. ట్రేల మధ్య కొంగు నడుముకు దోపుకుని నిలబడి, చేతి మట్టి దులుపుకుంటోంది.

"జూడు బిడ్డా, ఎంత ముద్దుగైనయో!" అంది.

సంధ్య చూసింది. నిజంగానే ముద్దుగా ఉన్నాయి. నలభై ట్రేలూ దువ్వి జడ వేసినట్టున్నాయి. నిటారుగా, పచ్చగా, ఒక్కటంటే ఒక్క వంకర లేదు. చూడగానే ఆమెకు హాయిగా అనిపించిన మాట నిజం. ఆ హాయి ఎందుకు కలిగిందో అర్థమయ్యేలోపే ఆమె కళ్ళు ఎర్ర దారాల కోసం వెతికాయి. పుల్లలన్నీ ఒక పక్కన జాగ్రత్తగా పేర్చి ఉన్నాయి.

"అమ్మా, ఏం జేసినవే?"

"ఏం జేస్త? ఊకె ఎంతసేపు కూసుంటరు? ఒత్తుగ మొలిసినయ్. పసరు సచ్చినయ్, కుంటియి అన్ని పీకేసిన. గవి ఉంటె మంచియాటి బలం గుంజుకుంటయ్ గద. నీకింత పని తప్పిచ్చిన."

చేనులో ఎవరైనా చేసేది అదే. ఏడేళ్ళ వయసు నుంచీ కొమురమ్మ చేతివేళ్ళు ఆ పనే చేశాయి, తన పొలంలోనూ పరాయి పొలాల్లోనూ. వంకర మొలకను చూసి ఊరుకోవడం ఆ వేళ్ళకు రాదు. పీకిన వాటిని కూడా పద్ధతిగా ఏ ట్రేవి ఆ ట్రే తలదగ్గర చిన్న పిడికిళ్ళుగా పెట్టింది, చేనులో సాలు చివర పెట్టినట్టే.

సంధ్యకు ఆ పద్ధతి కనపడలేదు. వాడిపోతున్న మొలకలే కనపడ్డాయి. పరుగెత్తి ఒక బేసిన్‌లో నీళ్ళు పట్టి, పిడికిళ్ళన్నీ గబగబా ఏరి దాంట్లో పడేసింది.

"అన్ని కలుపుతున్నవేంది బిడ్డా? ఏ పెట్టెయి ఆ పెట్టె కాడ..."

"నువ్వు మాట్లాడకే! నీకేం దెల్సని ముట్టుకున్నవ్? నా చదువు గంగల కలిపినవ్!" అని అరిచింది.

తాను చేసిన తప్పేమిటో కొమురమ్మకు అంతుపట్టలేదు. కూతురు అంత గొంతేసుకుని అరవడం మాత్రం ఎన్నడూ వినలేదు. కొంగు విప్పి సరిచేసుకుని, ముందు నడిచి బస్టాపుకు వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున ఉదయశ్రీ వచ్చింది. ట్రేల మధ్య తన ఎర్ర దారాల కోసం వెతికింది. ఆ తర్వాత బేసిన్ చూసింది.

"ఏంటిది సంధ్యా? ఎవరు చేశారు?"

దారి పొడుగునా సంధ్య తర్జనభర్జన పడుతూనే వచ్చింది. అమ్మ అంటే బయటి మనిషిని తెచ్చిన తప్పు. తాను అంటే తెలివితక్కువ తప్పు. ఏ తప్పుకు శిక్ష తక్కువో ఆమెకు తేలలేదు. అదీగాక పార్థసారథి సార్ అప్పుడే లోపలికి వచ్చారు. ఆయన్ని చూడగానే నోటికి ముందు వచ్చిన మాట వచ్చేసింది. "నేనే సార్. ఒత్తుగా ఉన్నాయని... పొరపాటున."

ఆయన బేసిన్ దగ్గరికి నడిచారు. దాంట్లోంచి ఒక మొలకను తీసి వేర్లు చూశారు. "ఇంకా ప్రాణం ఉంది. ఏది ఏ ట్రేదో చెప్పు, మళ్ళీ నాటుదాం. దారం కట్టిన ఏడు మొలకల వివరాలూ ఉదయశ్రీ పుస్తకంలో ఉన్నాయి. మిగతావి నిన్నా మొన్నా మొలిచినవి, వాటి సంగతి నీకే తెలియాలి."

ముప్పై ఒక్క మొలకలు. ఏ చెట్టు బిడ్డో తెలియని మొలక ఎందుకూ పనికిరాదని సంధ్యకు తెలుసు. వేళ్ళతో వాటిని కదుపుతూ నిలబడింది. ఏదో ఒకటి నోటికొచ్చింది చెప్పేయవచ్చుననే ఆలోచన కూడా వచ్చింది. ఉదయశ్రీ కళ్ళనిండా నీళ్ళు చూశాక ఆ ఆలోచనకే సిగ్గనిపించింది.

"నేను పీకలేదు సార్. మా అమ్మ పీకింది. ఏ ట్రేవి ఆ ట్రే దగ్గరే పెట్టింది. కలిపింది నేను."

"మీ అమ్మగారు ఎక్కడున్నారు?" అన్నారు ఆయన అంతే మెల్లగా.

సంధ్య బస్సు మారి మాదాపూర్ చేరి, ఇనుప చువ్వల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్ళేసరికి కొమురమ్మ మూడో అంతస్తు మెట్లమీద తట్టతో ఉంది. కూతుర్ని చూసి తట్ట దించింది. నిన్నటి మాట ఒక్కటీ ఎత్తలేదు. సంధ్య చెప్పింది విని, మేస్త్రీతో రెండు మాటలు మాట్లాడి, సిమెంటు చేతులతోనే బయలుదేరింది. బస్సులో ఆ చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుంది. సంధ్యకు ఏడుపొచ్చింది, క్షమించమని అడగాలనిపించింది, అడగలేదు.

గ్రీన్‌హౌస్‌లో కొమురమ్మ ఎవరి మొహం చూడకుండా బేసిన్ ముందు గొంతుక్కూర్చుంది. ఒక్కో మొలకను అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది. "గిది ఆ మూలకున్న పెట్టెది. దాని అక్కచెల్లెండ్లకు గూడ మొదలు కాడ గిట్లనే ఎర్రజీర ఉంది. గిది కిటికి పక్కదాంది. గివి రెండు ఒక్క పెట్టెయే, పక్కపక్కన మొలిసినయ్, పీకేటప్పుడు ఏర్లు సిక్కువడ్డయ్." ఉదయశ్రీ పుస్తకం తెరిచి ఒకటొకటే సరిచూసింది. దారం కట్టిన ఏడూ కొమురమ్మ చెప్పిన ట్రేలతో సరిపోయాయి. ఉదయశ్రీ మొహంలోకి నెమ్మదిగా రంగు తిరిగి వచ్చింది.

ఇరవై ఏడు అలా తేలాయి. నాలుగు మిగిలాయి. కొమురమ్మ వాటిని చాలాసేపు చూసి కింద పెట్టేసింది.

"గివి నాకు తెల్వదు సారూ. తెల్సినట్టు జెప్తె మీ పని పాడైతది."

పార్థసారథి సార్ మొదటిసారి నవ్వారు. "కుంటి మొక్కను ఉంచితే మంచిది ఎలా పెరుగుతుందని అనిపించి పీకారా అమ్మా?" అని అడిగారు.

"అనిపిచ్చే పీకిన గద సారూ. మీకు కుంటియే కావాల్నని ఎవలన్న జెప్తె ఒక్కటి ముట్టుకోకపోదును." ఒక క్షణం ఆగి, "కుంటిదాన్ని గూడ సాదేటోళ్ళు ఉంటరని నాకెర్క లేదు" అంది.

మొలకలన్నీ నాటడం పూర్తయ్యాక ఆయన సంధ్యను గదిలోకి పిలిచారు. తిడతారనుకుని తయారై వెళ్ళింది. తిట్టలేదు. "అమ్మను తెచ్చినందుకు కాదు, మొక్కలు కలిపినందుకూ కాదు. అడగగానే నువ్వు చేయని పని చేశానన్నావు. అలాగే రేపు చూడనిది చూశానని పుస్తకంలో రాస్తే? ఈ ఏడాదికి ల్యాబు పని వద్దు. బాగా చదువుకో" అన్నారు. ప్రాజెక్టు మాట ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు.

ఆ తర్వాత కొమురమ్మను పిలిచి, గ్రీన్‌హౌస్‌లో మొలకలు చూసుకునే కూలి పని ఒకటి ఖాళీగా ఉంది, వస్తారా అని అడిగారు. "నా బిడ్డను తీసేసి నన్ను పెట్టుకుంటరా? నాకొద్దు సారూ" అని కొమురమ్మ లేచింది. అది విద్యార్థుల పని, ఇది వేరు అని ఆయన ఎంత చెప్పినా ఆమె వినేలా లేదు. ఇసుక తట్టలు మోసి మోసి వంగిన ఆ మెడ వైపు చూస్తూ, "ఒప్పుకోవే అమ్మా" అంది సంధ్య. ఆ మాట తన నోటినుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

నెల తిరిగేసరికి బోరబండ కుళాయి దగ్గర కొత్త చాటింపు మొదలైంది. "మా అమ్మకు సైన్సు ఆఫీసుల కొలువైంది" అని ఈసారి సంధ్యే చెప్పుకుంది. చెబుతున్నంతసేపూ గర్వంగానూ ఉండేది, తన చేజారిన పని గుర్తొచ్చి కష్టంగానూ ఉండేది. రెంటిలో ఏది నిజమో ఆమె తేల్చుకోలేకపోయింది.

ఒక మధ్యాహ్నం తల్లి మరిచిపోయిన రొట్టెల డబ్బా పట్టుకుని, క్లాసు అయ్యాక గ్రీన్‌హౌస్‌కు వెళ్ళింది. లోపల కొమురమ్మ నీలం కోటు వేసుకుని, ఒక వంకర మొలక పక్కన పుల్ల గుచ్చి ఎర్ర దారం కడుతోంది. ఎంత నెమ్మదిగా కడుతోందంటే, చిన్నప్పుడు సంధ్య జడకు రిబ్బను కట్టింది కూడా అంత నెమ్మదిగా కాదు. సంధ్య చెప్పులు విడిచి గడప లోపల కాలు పెట్టబోయింది.

"ఆడనే ఆగు బిడ్డా" అంది కొమురమ్మ తల ఎత్తకుండానే. "బయటోళ్ళు లోపలికి రావద్దు. సారు జెప్పిండు."

సంధ్య కాలు వెనక్కి తీసుకుని, డబ్బా గడప మీద పెట్టి, అమ్మ ముడి వేసేదాకా అక్కడే నిలబడింది.