రోము కవులను తిట్టడానికి ధర్మవరం వెళ్లి

హిందూపురంలో ఉదయం ఏడున్నర ప్యాసింజరు ఎక్కాను. ధర్మవరంలో సుశీల అనే టీచరు నేతపనివాళ్ల పిల్లల కోసం ఒక చదువుల గది నడుపుతోంది. గది యజమాని పట్టుచీరల వ్యాపారి. ఖాళీ చేయమంటున్నాడు. నలుగురితో సభ పెడితే ఆయన మనసు మారుతుందని ఆమె ఆశ. ఆ సభలో నేను రోమన్ మహాకావ్యాల గురించి మాట్లాడాలి.

పెనుకొండ కోట కనిపించగానే ఎదుటి సీట్లోని చింతపండు వ్యాపారి చెయ్యి చూపించాడు.

"మా పెద్దోళ్లు ఆడ రాజుల కాడ ఉండిరంట సార్."

"ఎవరు చూశారు? చివర 'అంట' తగిలిస్తే ఎంత అబద్ధమైనా చెల్లుతుంది" అన్నాను.

"ఏమబ్బా, పొద్దున్నే ఇట్ల మీద పడ్తాండావు? నిన్నేమన్నా దుడ్లు అడిగితినా?"

పెట్టెలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ధర్మవరం స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ బాగుంటాయి. తిని ఆటోలో గదికి చేరాను. నలభై మంది దాకా వచ్చారు. గొంతు పెంచి మాట్లాడాను. రోములో సాటి పౌరులే ఒకరినొకరు నరుక్కున్నారు. గెలిచినవాడు చక్రవర్తి అయ్యాడు. ఆనాటి మహాకావ్యం అతని వంశాన్ని ఒక దేవత దాకా లాక్కెళ్లింది. నెత్తుటితో వచ్చిన అధికారాన్ని విధి నిర్ణయంగా చూపించింది. కొన్ని తరాల తర్వాత ఒక కవి దేవతలను పక్కకు నెట్టి ఆ అంతర్యుద్ధాన్నే కావ్యంగా రాశాడు. మరో చక్రవర్తితో తలపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. "మొదటి రకం కవులు అమ్ముడుపోయారు!" అన్నాను. చప్పట్లు పడ్డాయి.

అప్పుడే యజమాని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నా నోరే అంది: "ఈ ఊరికి మొదటి మగ్గం తెచ్చింది వీరి తాతగారేనంట."

"యాడ నేర్చినావప్పా ఈ కత!" అని వెనక ఎవరో అన్నారు.

యజమాని ముఖం వెలిగింది. "మా తాత సంగతి నాకే తెల్దే! బాగుండాది. బోర్డు రాయించి ఈడనే కొడదాం. గది ఉండనీలే టీచరమ్మా." నా చేతికి తన ఫోన్ నంబరున్న కార్డు ఇచ్చాడు.

సాయంత్రం స్టేషన్‌కు సుశీల వచ్చింది.

"అబద్ధం చెప్పమని నేను మిమ్మల్ని అడగల్యా సార్. ఆ బోర్డు కింద కూచోని పిల్లోళ్లకు ఏం చెప్పల్ల నేను? అది కొట్టకముందే ఆయప్పకు ఫోన్ చేసి నిజం చెప్పండి. గది పోతే పోనీ, ఇంగోటి ఎతుక్కుంటా."

"చెప్తానమ్మా" అన్నాను. బండి వచ్చింది, ఎక్కాను.

గది కోసమే అన్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ నిజం కాదు. పెద్దమనిషి ముఖం వెలగగానే నాకు ఒళ్లు పులకరించింది. రోము కవికి చక్రవర్తి భయమైనా ఉంది. నాకు కుర్చీలో కూర్చున్న ఒక వ్యాపారి నవ్వు చాలింది.

పెనుకొండ దాటాక కార్డు చూసి నంబరు నొక్కాను. మోగకముందే కట్ చేశాను. హిందూపురం వచ్చేసింది.