బల్ల ముందు చెప్పుకునే పేరు

నా రాత కుదురుగా ఉండదు, ఒత్తులు తప్పుతాయి. చదివేవారు మన్నించాలి. బడిలో అంతంతమాత్రంగా వచ్చిన అక్షరాలను బైబిలు చదివించి గట్టిచేసిన మా సంఘపెద్ద పోయిన వారం బెల్లంపల్లిలో ప్రభువునందు నిద్రించాడు. వరుసకు నాకు బావ.

బొగ్గుబాయిలో ఆయన సర్దారు. మేము పనిలోకి దిగకముందు కర్రతో పైకప్పును తట్టి చూసేవాడు. గట్టి చప్పుడొస్తే పొమ్మనేవాడు, బోలుగా మోగితే వద్దనేవాడు. ఆ అలవాటుతో మా ఇంటికొచ్చినా దర్వాజా తట్టి చెవి పెట్టేవాడు. "ఇల్లు మంచిగనే ఉన్నది, చాయ్ పొయ్యిమను" అని నవ్వేవాడు.

మా సంఘంలో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం బల్ల ముందు మోకరించి, రొట్టె అందుకోకముందు, ఎవరికి వారు తమ శత్రువు పేరు మెల్లగా చెప్పుకొని అతనికి మేలు చేయమని అడగాలి.

"నాకెవ్వరు లేరు గద బావా, ఎవని పేరు చెప్పాలె?" అన్నాను ఒకసారి.

"అబ్బో, మస్తు మంచోనివి బామ్మర్దీ! జర ఎతుకు, దొరుకుతడు" అని ఎగతాళి చేశాడు. తర్వాత నిదానంగా అన్నాడు: "మనకు కీడు జేసినోడే శత్రువనుకుంటం. మనం ఎవనికి కీడు జేస్తమో వాడు గూడ శత్రువే అయితడు. వాని మొకం చూడలేం."

కొన్నాళ్లకు, బాయిలో ఆయన పొమ్మంటేనే పనిలోకి పోయాను. బండ కూలి నా కాలు విరిగింది. విచారణలో ఆయన నేల చూస్తూ, "నేను వద్దన్న. ఇనకుంట పోయిండు" అన్నాడు. నా పని పోయింది. బావ మళ్లీ మా దర్వాజా తట్టలేదు.

నాకు శత్రువు దొరికాడు. ఆయన పక్కనే మోకరించి, ప్రతి సంస్కారానికీ ఆయన పేరే చెప్పాను. ఒక్కసారి 'తప్పయింది' అంటాడేమోనని చూశాను. అనలేదు.

శవం దగ్గర ఆయన భార్య, నాకు వరుసకు అక్క, నా చెయ్యి పట్టుకుంది. "మంచంల పడ్డంక పాస్టరుగారు ఇంటికొచ్చి సంస్కారమిచ్చిండు. రొట్టె ముందర నీ పేరు చెప్పిండు తమ్మీ. ఎప్పుడు గదే పేరట. నువ్వేం జేసినవ్ ఆయనకు?"

నేనేం చేశాను? నాకు చెప్పవలసిన మాట దేవునికి చెప్పుకొని పోయాడు.

గోరీ దగ్గర నేను వేసిన మట్టిపెళ్ల పెట్టె మీద పడి బోలుగా మోగింది.

వచ్చే సంస్కారానికి నా పక్క చోటు ఖాళీగా ఉంటుంది. చనిపోయినవాని పేరు చెప్పవచ్చునా? ఆయన దిద్దించిన అక్షరాలతోనే అడుగుతున్నాను. తెలిసినవారు ఆ ఆదివారంలోపే నాలుగు ముక్కలు రాయండి.